మా అమ్మమ్మ పళ్ళూ మూడు పంపులూ

మా అమ్మమ్మ మూడే మూడు పళ్ళతో లక్ష ఇళ్ళకు నీళ్ళు పోసింది. నమ్మని వాళ్ళు లేచి వెళ్ళి తమ ఇంట్లో కుళాయి తిప్పి చూసుకోవచ్చు. ధార పడుతోందా? అందులో సగం ఆవిడ పళ్ళ పుణ్యం. మిగతా సగం ఆవిడ ఆడిన అబద్ధాల పుణ్యం. ఆ అబద్ధాల సంగతే ఇప్పుడు చెప్పబోయేది.

నీటి సరఫరా శాఖ పంపుహౌస్‌లో ఆవిడ నేల ఊడవడానికి చేరింది. ఊడుస్తూ ఊడుస్తూ మీటర్లు చదవడం నేర్చింది, తుడుస్తూ తుడుస్తూ గ్రీజు పెట్టడం నేర్చింది. ఏడేళ్ళకు ఆపరేటరు ప్యానెల్ ముందు కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీలో ఇరవై అయిదేళ్ళు గడిపింది. పొడవాటి హాలు, ఆకుపచ్చ రంగు గోడలు, ఎప్పుడూ తడి ఇనుము వాసన, మధ్యలో వరుసగా మూడు పంపులు. ఒకటో నంబరు పేరు పెద్దది, రెండోదాని పేరు గయ్యాళి, మూడోదాని పేరు బుద్ధిమంతుడు. ఈ పేర్లు పెట్టింది ఆవిడే. మా ఇంట్లో ఎవరికీ ఇంత ఆలోచించి పేరు పెట్టలేదు.

మూడూ ఒకేసారి తిరిగితే ఆ హాల్లో పక్కమనిషి అరిచినా వినిపించదు. అలాంటి చోట ఇరవై అయిదేళ్ళు కూర్చుంటే చెవులు ఏమవుతాయి? ముందు పిట్టల కూతలు పోయాయి. తర్వాత ప్రెషర్ కుక్కర్ విజిల్ పోయింది. ఆ తర్వాత ఫోను మోత పోయింది. చివరికి మనుషుల మాటలు కూడా గోడ అవతల నుంచి వస్తున్నట్టు అయిపోయాయి. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. పెదవులు చూసి మాటలు పట్టుకోవడం అలవాటు చేసుకుంది. పట్టుకోలేనప్పుడు "ఆఁ, సరేలే" అనేది. మా ఇంట్లో సగం పెళ్ళిసంబంధాలు, మూడొంతుల కొనుగోళ్ళు ఆ "సరేలే" మీదే నడిచాయి. అమ్మమ్మది ఎంత విశాల హృదయమో అని అందరూ మెచ్చుకునేవారు.

పంపుల విషయంలో మాత్రం "సరేలే" నడవదు. పంపు లోపల ఇరుసు తిరిగే చోట బేరింగు ఉంటుంది. అది అరగడం మొదలైతే చప్పుడులో చిన్న తేడా వస్తుంది. ఆపరేటర్లు ఇనుప కడ్డీ ఒక కొన బేరింగు డొప్ప మీద, రెండో కొన చెవి దగ్గర పెట్టుకుని ఆ తేడా వింటారు. చెవులు పోయాక ఆవిడకు ఆ కడ్డీ ఉత్త ఇనుప ముక్క అయిపోయింది. ఒకరోజు రెండు చేతులా నట్లు పట్టుకుని, స్క్రూడ్రైవరు నోట కరుచుకుని వంగినప్పుడు దాని కొన గయ్యాళి డొప్పకు తగిలింది. పంపు మొత్తం ఆవిడ పుర్రెలో పాడింది. బేరింగులోని గుండ్లు ఒక్కొక్కటే దొర్లడం పళ్ళలో నుంచి దవడలోకి, దవడలో నుంచి తలలోకి స్పష్టంగా వచ్చింది. ఆ రోజు నుంచి ఆవిడ పంపుల వెనక్కి వెళ్ళి, ఎవరూ చూడనప్పుడు, కడ్డీని కొరికి వినేది.

ఈ గుట్టు ఒక్కడికే తెలుసు. అదే షిఫ్టులో పనిచేసే ఫిట్టరు. పొట్టివాడు, నోరు మాత్రం పొడుగు. తెలుసని అతను ఎన్నడూ అనలేదు, తెలుసా అని ఆవిడ ఎన్నడూ అడగలేదు. ఫోను మోగితే అతనే లేచేవాడు. గంట కొడితే నేల మీది ఇనుప పలకను కాలితో తన్నేవాడు. ఆవిడ పాదాలకు తెలిసిపోయేది. అలా ఏళ్ళు గడిచాయి. రిటైర్మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలు ఉన్నాయి.

అప్పుడు వచ్చింది ఉద్యోగుల క్షేమ పథకం.

పెద్దాఫీసు నుంచి ఒక చిన్న మేడమ్ వచ్చింది. వయసు మా అమ్మ కంటే తక్కువ, చేతిలో ఫైళ్ళు మాత్రం అమ్మమ్మ ఎత్తు. ఉద్యోగులు ఆరోగ్యంగా ఉంటే పని పెరుగుతుందట. అందరికీ పరీక్షలు చేస్తారట. బీపీ, చక్కెర, కళ్ళు, చెవులు. నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. దాని అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. వినికిడి పరీక్షలో తప్పిన యంత్ర సిబ్బందిని భద్రత దృష్ట్యా పెద్దాఫీసు ఫిర్యాదుల కౌంటరుకు మారుస్తారు.

అమ్మమ్మ ఆ చిన్న అక్షరాలను మూడుసార్లు చదివింది. ఫిర్యాదుల కౌంటరు అంటే రోజంతా మనుషులు. గాజు కిటికీ అవతల వంద మంది, మాస్కు పెట్టుకున్నవాళ్ళు, తల దించుకుని మాట్లాడేవాళ్ళు, ఏడుస్తూ మాట్లాడేవాళ్ళు. "ఏంటీ? మళ్ళీ చెప్పండి," అని రోజుకు వందసార్లు అడగాలి. ఆ హాల్లో మూడు పంపుల మధ్య ఆవిడ ఎవరికీ చెవిటిది కాదు. అక్కడ అందరూ చెవిటివాళ్ళే.

"ఆ రోజు సెలవు పెట్టు అక్కా," అన్నాడు ఫిట్టరు.

"పెడితే మర్నాడు ఇంటికొచ్చి చేస్తారట. చదవలేదా?"

"అయితే జ్వరం తెచ్చుకో."

"జ్వరం నీ మరదలా, పిలిస్తే రావడానికి?"

పరీక్షల బండి వచ్చిన రోజు అమ్మమ్మ అందరికంటే ముందు వరుసలో నిలబడింది. బండిలో ఇరుకైన పెట్టెలాంటి గది, దానికో గాజు కిటికీ. లోపల కూర్చోబెట్టి చెవులకు డొప్పలు తగిలించారు. చేతికి ఒక మీట ఇచ్చారు. పరీక్ష చేసే అమ్మాయి గాజు అవతల కూర్చుంది.

"శబ్దం వినపడినప్పుడల్లా నొక్కండమ్మా. ఎంత చిన్నదైనా సరే."

అమ్మమ్మకు వినిపించింది తన గుండె చప్పుడే. అదీ నిజంగా వినిపించిందో లేదో. అరచేతిలో మీట చెమటకు జారింది. అమ్మాయి చేతులు యంత్రం చాటున ఉన్నాయి, ముఖంలో ఏ కదలికా లేదు. అప్పుడు కనపడింది, ఆ అమ్మాయి వెనకాల మందుల అలమర అద్దం. అందులో అమ్మాయి మోచెయ్యి. శబ్దం పంపిన ప్రతిసారీ ఆ మోచెయ్యి రవ్వంత దిగుతోంది.

దిగింది, నొక్కింది. దిగింది, నొక్కింది. రెప్ప వెయ్యలేదు. కళ్ళు మండి నీళ్ళు కారాయి. ఒక్కటి కూడా వదల్లేదు.

అక్కడే చేసింది తప్పు.

మూడోరోజు రిపోర్టు వచ్చింది. సూపరింటెండెంటు స్వయంగా పంపుహౌస్‌కు వచ్చాడు. పొడుగాటి మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ మూడు పెన్నులు.

"అమ్మా, మీ చెవులు ఇరవై ఏళ్ళ అమ్మాయి చెవులట! ఆ బండి మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఇంత మంచి రిజల్టు రాలేదట."

ఫిట్టరు తల పట్టుకున్నాడు. ఆయన వెళ్ళగానే ఆవిడ ముఖానికి ఎదురుగా నిలబడి పెదవులు బాగా కదుపుతూ అన్నాడు: "కాపీ కొట్టేవాడైనా రెండు తప్పులు రాస్తాడు అక్కా! నూటికి నూరు తెచ్చుకుంటావా?"

"ఆ పిల్ల మోచెయ్యి దిగుతుంటే ఎలా వదలమంటావురా? అలవాటు. మీటర్ ముల్లు కదిలితే రాయనా?"

మొదటి వారం నవ్వుకున్నారు. రెండో వారం ఉత్తర్వు వచ్చింది. ఇంత చురుకైన చెవులున్న ఆపరేటరు ఉండగా ఆ షిఫ్టుకు ఇద్దరెందుకు? ఒక మనిషి, మూడు పంపులు. పథకం వల్ల పనితనం రెట్టింపయిందని పెద్దాఫీసుకు రిపోర్టు వెళ్ళింది. ఫిట్టరును ఊరి అవతలి వర్క్‌షాపుకు పంపేశారు. అమ్మమ్మ ఫొటో నోటీసు బోర్డు మీదకు ఎక్కింది. కింద "ఆదర్శ ఆరోగ్య ఉద్యోగి" అని రాశారు. ఫొటోలో ఆవిడ ముఖం పోలీసు స్టేషన్లో తీసినట్టు ఉంది.

ఫిట్టరు వెళ్ళేముందు తన కుర్చీ తుడిచాడు. "చెప్పెయ్ అక్కా," అన్నాడు. ఆవిడ పక్కకు చూసింది. పెదవులు చూడకపోతే ఏమీ విననట్టే కదా.

మొదటిరోజు ఒంటరి షిఫ్టులో ఆవిడ ఒక్కసారి కూడా కుర్చీలో కూర్చోలేదు. ఊరి మధ్య ఎత్తయిన ట్యాంకు ఉంది. అది నిండగానే అక్కడి వాచ్‌మన్ ఫోను చేస్తాడు, ఇక్కడ పంపు ఆపాలి. ఆవిడ ముందే అతన్ని కలిసి ఒక ఏర్పాటు చేసుకుంది. "నాకు మాట్లాడే తీరిక లేదయ్యా, ఒక్కదాన్నే. ఒకసారి మోగించి పెట్టేస్తే ట్యాంకు నిండినట్టు. రెండుసార్లయితే ఖాళీ అయినట్టు." అతను తలూపాడు. ఆవిడ ఫోనును ఇనుప బల్ల మీద బోర్లించిన టిఫిన్ డబ్బా మీద పెట్టింది. మోగితే డబ్బా వణుకుతుంది, బల్ల మీద ఆనించిన మోచేతికి తెలుస్తుంది.

అయితే పంపుల దగ్గరికి వెళ్ళినప్పుడు మోచెయ్యి బల్ల మీద ఉండదు కదా. పంపు దగ్గర మూడు నిమిషాలు, బల్ల దగ్గర మూడు నిమిషాలు. షిఫ్టంతా పరుగే. ఇంటికి వచ్చాక కూడా భోజనాల బల్ల మీద మోచెయ్యి ఆనించి, ఎవరైనా గిన్నె పెడితే ఉలిక్కిపడేది. మంచం మీద పడుకుని అరచెయ్యి గోడకు ఆనించి ఉంచేది. "ఏంటమ్మా, గోడ పడిపోతుందా?" అని మా అమ్మ అడిగితే, "ఆఁ, సరేలే," అంది.

తొమ్మిదోరోజు ఆ పరుగు చాలలేదు. పెద్దదానికి గ్రీజు పెట్టి వచ్చేసరికి ఆలస్యమైంది. బల్ల మీద చెయ్యి పెట్టింది, అప్పటికి వణుకు లేదు. అంతా బాగానే ఉందనుకుంది. అరగంటకు సూపరింటెండెంటు కారు వచ్చి ఆగింది. ట్యాంకు పొంగి కింది వీధిలో మోకాలి లోతు నీళ్ళు. ఒక కుట్టుపని చేసుకునేవాడి దుకాణంలో బట్టలన్నీ తడిసిపోయాయి.

"వాచ్‌మన్ పదకొండుసార్లు ఫోన్ చేశానంటున్నాడు!"

ఆవిడ ఆయన పెదవులే చూస్తోంది. "మోగలేదండీ," అంది.

ఆవిడవి ఇరవై ఏళ్ళ చెవులని కాగితం మీద ఉంది. వాచ్‌మన్ మాట కాగితం మీద లేదు. అతనికి మెమో ఇచ్చారు. అతనికి ముగ్గురు పిల్లలు. ఆ సాయంత్రం అమ్మమ్మ అన్నం కలిపి కలిపి కంచం పక్కకు నెట్టేసింది.

మర్నాడు వాచ్‌మన్ పంపుహౌస్‌కు వచ్చాడు. తిట్టడానికి వచ్చాడేమోనని ఆవిడ భయపడింది. అతను తిట్టలేదు. "ఫోను బాగాలేదేమో పెద్దమ్మా, మెకానిక్కుని పిలుద్దామా? మళ్ళీ జరిగితే నా ఉద్యోగం ఉండదు," అన్నాడు. తిట్టి ఉంటేనే బాగుండేదని ఆవిడ చాలా రోజులు అనుకుంది.

ఆ తర్వాతి వారం క్షేమ పథకం మేడమ్, సూపరింటెండెంటు, ఒక ఫొటోగ్రాఫరు కలిసి వచ్చారు. పథకం పత్రికలో అమ్మమ్మ మీద రెండు పేజీలు వెయ్యాలట. పొద్దుటి సరఫరా వేళ, మూడు పంపులూ పూర్తిగా తిరుగుతున్నాయి. మోత తగలకుండా మేడమ్ కొత్త చెవి డొప్పలు పెట్టెలో తెచ్చింది. వచ్చిన ముగ్గురూ అవి తగిలించుకున్నారు. ఫొటోగ్రాఫరు ఆవిడను గయ్యాళి పక్కన నిలబెట్టి, "నవ్వండి అమ్మా," అని పళ్ళు చూపించాడు.

అప్పుడే అరికాళ్ళలో తేడా తెలిసింది.

నేల ఎప్పుడూ వణుకుతూనే ఉంటుంది, ఆ వణుకు ఆవిడకు ఇంటి అడ్రసులా తెలుసు. ఇప్పుడు అందులో ఏదో కరకర కలిసింది. చెప్పులు విడిచింది. నిజమే. ఏ పంపు? ఏ బేరింగు? తెలియకుండా ఆపితే ఊళ్ళో సగం కుళాయిలు ఆగిపోతాయి, పెద్దాఫీసు మనుషులు ఎదురుగా ఉన్నారు. తెలిసీ ఆపకపోతే బేరింగు బిగుసుకుపోయి ఇరుసు విరుగుతుంది. ఇరుసు విరిగితే కొత్తది రావడానికి మూడు వారాలు.

కడ్డీ తీసుకుంది. గయ్యాళి డొప్ప మీద ఒక కొన పెట్టి, రెండో కొన చెవికి ఆనించింది. ముగ్గురూ చూస్తున్నారు. ఏమీ లేదు. చీకటి గదిలో వెతుకుతున్నట్టు ఉంది. మేడమ్ ముచ్చటగా చూస్తోంది. ఫొటోగ్రాఫరు ఫ్లాష్ కొట్టాడు.

వీళ్ళు పోయేదాకా ఆగితే? పది నిమిషాలు. పది నిమిషాలు తట్టుకుంటుందా బేరింగు? అరికాళ్ళ కింద కరకర ముదిరింది. కడ్డీ పట్టుకున్న చేతిని ఒకసారి దించింది, మళ్ళీ ఎత్తింది. పదమూడు నెలలు అనుకుంది. ముగ్గురు పిల్లలు అనుకుంది.

అందరి ఎదుటా నోరు తెరిచి కడ్డీని కొరికింది.

ఇసుక. గుప్పెడు ఇసుక నములుతున్నట్టు వచ్చింది దవడలోకి. వెనక బేరింగు, గుండ్లు దొర్లడం మానేసి ఒరుసుకుంటున్నాయి. ఆవిడ కడ్డీ పారేసి ప్యానెల్ దగ్గరికి పరుగెత్తి ఎర్ర మీట కొట్టింది. గయ్యాళి మూలుగుతూ మూలుగుతూ ఆగింది.

సూపరింటెండెంటు డొప్పలు లాగిపారేసి ఏదో అరిచాడు. ఆవిడ అటు తిరిగి, "ముఖం ఇటు పెట్టి మాట్లాడండి సార్, నాకు చెవులు వినపడవు," అంది.

అంతే. అన్నేళ్ళు దాచింది అంత చిన్న వాక్యమా అని ఆవిడకే ఆశ్చర్యం వేసింది.

వర్క్‌షాపు నుంచి ఫిట్టరును పిలిపించారు. అతను డొప్ప విప్పి నల్లబడిన గుండ్లను చేతిలో పోసుకుని సూపరింటెండెంటు ముక్కు కింద పెట్టాడు. "ఇంకో పది నిమిషాలు తిరిగుంటే ఇరుసు ముక్కలయ్యేది సార్. ఊరంతా బిందెలు పట్టుకుని మీ ఇంటికొచ్చేవాళ్ళు."

సూపరింటెండెంటు మిగతావాళ్ళను బయటికి పంపి, తలుపు వేసి, అమ్మమ్మకు ఎదురుగా కూర్చున్నాడు. ఈసారి పెదవులు మెల్లగా కదిపాడు.

"అమ్మా, రిపోర్టు పైకి వెళ్ళిపోయింది. పనితనం పెరిగిందని మెచ్చుకుంటూ ఉత్తరం కూడా వచ్చింది. మేడమ్‌తో నేను మాట్లాడతాను. మీరు ఇక్కడే ఉండండి. పదమూడు నెలలేగా. ఈ సంగతి ఇక్కడితో వదిలేద్దాం."

ఆవిడ అడగాలనుకున్నదంతా ఆయనే ఇచ్చేశాడు. పంపులు, కుర్చీ, కడ్డీ, అన్నీ. ఎవరూ మాట్లాడించని ఆ హాలు. ఆవిడ ఖాళీగా ఉన్న ఫిట్టరు కుర్చీ వైపు చూసింది.

"నేనిక్కడే ఉంటే ఆ కుర్చీ ఖాళీగానే ఉంటుంది కదండీ."

"అది తర్వాత చూద్దాం."

"వాచ్‌మన్ మెమో?"

ఆయన పెన్నులు సర్దుకున్నాడు.

"కాగితం ఇవ్వండి సార్," అంది అమ్మమ్మ. "ఆ మూడు పెన్నుల్లో ఒకటి కూడా ఇవ్వండి."

పరీక్షలో ఎలా మోసం చేసిందో, ఫోను పదకొండుసార్లు మోగితే ఎందుకు వినలేదో, షిఫ్టుకు ఇద్దరు ఎందుకు కావాలో అన్నీ రాసి సంతకం పెట్టింది. అక్షరదోషాలు పదిహేడు ఉన్నాయని ఫిట్టరు లెక్కపెట్టాడట. ఆ కాగితాన్ని సూపరింటెండెంటుకు ఇవ్వకుండా, బయట కారెక్కబోతున్న మేడమ్ చేతిలో పెట్టింది. మేడమ్ అక్కడే నిలబడి చదివింది. చదివాక కారెక్కకుండా తిరిగి లోపలికి వచ్చి, ఆ ఇనుప కడ్డీ ఎత్తి, తిరుగుతున్న బుద్ధిమంతుడి డొప్ప మీద పెట్టి, అటూ ఇటూ చూసి, కొరికింది. కళ్ళు పెద్దవయ్యాయి.

"ఇలా వినపడుతుందా!"

"కడ్డీ కడగకుండా కొరికావమ్మా," అంది అమ్మమ్మ.

వాచ్‌మన్ మెమో రద్దయింది. ఫిట్టరు తిరిగి వచ్చాడు, అతని పక్కన కొత్త ఆపరేటరు వచ్చాడు. నోటీసు బోర్డు మీద ఫొటో పోయింది. అమ్మమ్మ పెద్దాఫీసులో ఫిర్యాదుల కౌంటరుకు పోయింది. భయపడ్డట్టే అయింది. మొదటి నెల రోజూ ఇంటికి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా గోడకు అరచెయ్యి ఆనించి పడుకునేది. పంపుహౌస్ గోడలా ఇంటి గోడ వణకదు కదా.

పథకం వాళ్ళే చెవి యంత్రం ఇచ్చారు. అది పెట్టుకుంటే చెవిలో కందిరీగలు తిరుగుతున్నట్టుందట. ఎక్కువ రోజులు అది డబ్బాలోనే ఉంటుంది. పెదవులు చూసే అలవాటు మాత్రం కౌంటరులో పనికొచ్చింది. గాజు కిటికీ అవతల జనం, వినపడదులే అనుకుని పళ్ళ మధ్య గొణిగే తిట్లన్నీ ఆవిడకు తు.చ. తప్పకుండా అర్థమవుతాయి. "నన్ను ముసలి పంది అంటే అన్నావు గానీ, ముందు మీ వీధి పేరు చెప్పు," అంటుందట. ఆ దెబ్బకు ఫిర్యాదులు పొట్టివయ్యాయి, వరుస త్వరగా కదులుతోంది. పనితనం పెరిగిందని మళ్ళీ ఎవరో పైకి రిపోర్టు రాస్తున్నారని విని, ఆవిడ ఆ రాసేవాడి బల్ల దగ్గరికి వెళ్ళి కాగితం లాక్కుందట.

ఆదివారాలు మాత్రం నడుచుకుంటూ పంపుహౌస్‌కు వెళ్తుంది. ఫిట్టరు కడ్డీ కడిగి ఇస్తాడు. ఆవిడ పెద్దదాన్నీ, గయ్యాళినీ, బుద్ధిమంతుణ్ణీ ఒక్కొక్కటే కొరికి విని, కళ్ళు మూసుకుని నిలబడి, ఇంటికి వస్తుంది.

ఇదంతా రాసి ఆవిడ ఎదురుగా కూర్చుని, పెదవులు బాగా కదుపుతూ చదివి వినిపించాను. చదవడం అయ్యాక, ఒక్క సంగతి మాత్రం బాధగా ఉందని కూడా చెప్పాను. ఇన్నేళ్ళూ వంటగదిలో ఆవిడ సింకు దగ్గర అటు తిరిగి నిలబడినప్పుడు, నేను వెనక నుంచి ఎన్నెన్ని మాటలన్నానో. ఒక్కదానికీ తిట్టలేదు. అది ప్రేమ అనుకున్నాను, చెవుడని ఇప్పుడు తెలిసింది.

అమ్మమ్మ నా చేతిలోని కాగితం మీద వేలు పెట్టింది.

"సింకు మీద అద్దాల అలమర ఎందుకు పెట్టించాననుకున్నావే? నువ్వన్న ప్రతి మాటా చూశాను. పైగా నాకున్నవి మూడు పళ్ళు కాదు, పదకొండు. దిద్దు."